చల్లని బురద దిగ్విజయయాత్ర

స్వస్తిశ్రీ ప్రచండ మార్తాండ కిరణజాల దందహ్యమానమైన మే మాస మధ్యాహ్నవేళ, కృష్ణవేణీ సాగరసంగమ సీమకు అలంకారప్రాయమైన రేపల్లె పట్టణపు బస్టాండులో, తెనాలి వాస్తవ్యురాలూ, డిగ్రీ విద్యార్థినీ, పంకలిప్తచరణా, స్వేదసిక్తవదనా, ఐసుపెట్టెధారిణీ అయిన సాయిసుధ అనే వీరకన్య బాపట్ల బస్సు కోసం నిలబడి ఉంది.

ఆ పెట్టెలో ఏముందంటారా? బురద. వేసవి సెలవుల్లో విద్యార్థులకు భృతి ఇచ్చి పర్యావరణ పరిశోధన చేయించే పథకం ఒకటి ఉంది. అందులో చోటు సంపాదించిన సాయిసుధ, పొద్దున్నే మడ అడవిలో మోకాటిలోతు దిగి ఆ బురదను సీసాలకెత్తింది. అందులో నివసించే సూక్ష్మాతిసూక్ష్మ జీవకోటి చల్లగా ఉంటేనే బాపట్ల ప్రయోగశాల దాకా బతుకుతుంది. మూత తీస్తే ఆ చల్లదనం పోతుంది. ముందొకసారి ఆమె వేడిబురద తెచ్చింది. మళ్లీ అలాగే తెస్తే ఆ చోటు ఇంకొకరికిస్తానని మార్గదర్శి రాజారత్నం సార్ ఎంతో శాంతంగా చెప్పాడు. ఆ శాంతానికే ఆమె హడలిపోయింది.

అంతలో దశదిశలనూ ధూళిధూసరితం చేస్తూ, భేరీనాదసన్నిభమైన హారన్ మోగిస్తూ బస్సు వచ్చి ఆగింది. ద్వారరక్షణ దురంధరుడైన కండక్టర్ గురునాథం మెట్టు మీద చేయి అడ్డం పెట్టాడు.

"రొయ్యలా? కుదరదమ్మా. మొన్నొకాయన పీతల పెట్టె ఎక్కిస్తే బస్సంతా కంపే."

"రొయ్యలు కాదండి. బురదండి."

ఆ సత్యవాక్కు విని బస్సు యావత్తూ ఘొల్లుమంది. ఐసుపెట్టెలో చేపలో రొయ్యలో పీతలో ఉంటాయి. మరోటి ఉంటుందని ఆ సీమలో ఎవరూ ఎరగరు.

"బురదకి ఐసేంటి పిల్లా?" అంది కిటికీ పక్కన చీరాల దుప్పట్ల మూటతో కూర్చున్న కోటిరత్నం. "దాచకు. రేటు చెప్పు, నేనో కేజీ తీసుకుంటా."

"మూత తియ్యి, చూస్తా" అన్నాడు గురునాథం.

అంతట సాయిసుధ పెట్టెను వక్షఃస్థలానికి హత్తుకొని, రోషారుణనేత్రయై ఇట్లు గర్జించింది:

"మూత మాత్రం తియ్యనండి! నిలబడమంటే నిలబడతా, రెండు టికెట్లు కొట్టమంటే కొట్టించుకుంటా! ఈ మూత లేస్తే బాపట్లలోనే లేవాలి!"

"అయితే నడిచే పో బాపట్లకి" అని గురునాథం విజిల్ నోట పెట్టుకున్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. నిజం చెప్పి ఓడిపోవడం చాలా అవమానంగా ఉంటుంది. బస్సు కదలబోతుండగా, ఆ సత్యవ్రత తన మొదటి అబద్ధాస్త్రాన్ని సంధించింది.

"మా రొయ్యల చెరువు అడుగుమట్టండీ! రొయ్యలు చచ్చి తేలిపోతున్నాయి! బాపట్లలో పరీక్ష చేయించాలండీ!"

విజిల్ మోగలేదు. ఆ బస్సులో చెరువు తవ్వి నష్టపోనివాడు లేడు. ఒకవేళ ఉన్నా, వాడి బావమరిది తవ్వి ఉంటాడు. గురునాథం విజిల్ జేబులో వేసుకున్నాడు.

"ముందే చెప్పొద్దా తల్లీ! తెల్లమచ్చ తెగులా?"

"ఇంకా తెలీదండి."

"అయ్యయ్యో! లెగండి, లెగండి! ముందు సీటు ఖాళీ చెయ్యండి!"

సింహాసనసదృశమైన ఆ ముందుసీటును బురద అధిష్ఠించింది. కోటిరత్నం మూట విప్పి, అమ్మకానికి తెచ్చిన కొత్త దుప్పటిని మడతల మీద మడతలుగా దాని మీద కప్పి, "ఎండ తగలనివ్వకండి" అని అందరినీ గదిమింది. పెట్టె కూర్చుంది, సాయిసుధ నిలబడింది. చెరుకుపల్లి దాటేదాకా ఒకరు సున్నం చల్లమన్నారు, ఒకరు నీళ్లు మార్చమన్నారు, ఒక పెద్దాయన ఏకంగా కళ్లు తుడుచుకున్నాడు. సాయిసుధ సిగ్గుతో చచ్చిపోయింది. అయినా దుప్పటి తియ్యలేదు.

బాపట్ల ప్రయోగశాలలో రాజారత్నం సార్ మూత తీసి, సీసాను చెంపకు ఆనించుకొని కళ్లు మూసుకున్నాడు.

"చల్లగానే ఉందమ్మా. రేపు మడ అడవి అవతలి పాయ బురద పట్రా. బస్సులో ఇబ్బందేం పడలేదుగా?"

"లేదండి. దానికి సీటు దొరికింది."

ఆకాశం నుంచి పుష్పవృష్టి కురవలేదు, దుందుభులు మోగలేదు. సాయిసుధ చోటు మాత్రం సాయిసుధదే. జనులారా, వినుడు! బురద బాపట్లకు చల్లగా చేరింది!