తెల్ల మచ్చ విచారణ

ఆవిడ భర్తలో ఒక్క లోపం కూడా లేదు. ఆ సంగతి ఆయనే చెబుతుంటాడు. బీమా కంపెనీలో ఉద్యోగం. ఎక్కడ ఏది తగలబడినా తప్పెవరిదో తేల్చడం ఆయన పని. ఇంటికొచ్చాక కూడా ఆ పనికి సెలవుండదు, అదొక్కటే బాధ.

ఆ ఉదయం ఆవిడ వేసుకున్న పథకం చిన్నది. భోజనాల బల్ల మీద వేడికి తెల్లటి గుండ్రని మచ్చ పడింది. పొడిగుడ్డ పరిచి, తక్కువ వేడిలో ఇస్త్రీపెట్టె ఆనించి తీస్తుంటే లోపలి చెమ్మ ఆరి మచ్చ పోతుంది. సాయంత్రం ఆడపడుచు వచ్చి ఆ బల్ల తీసుకెళ్తుంది. "మా నాన్న బల్ల, నిన్ను నమ్మి ఉంచుతున్నా" అని అప్పగించిన మనిషి. ఆమెతో మాట పడకుండా బయటపడితే చాలు.

ఆవిడ ప్లగ్గు పెట్టేలోగా ఆయన అడ్డొచ్చాడు.

"ఆగు. కారణం తేలకుండా ముట్టుకోకూడదు."

"కారణం వేడండీ."

"వేడి సరే. ఎవరు పెట్టిన వేడి?"

ఆయన అనుమానం కుక్కర్ మీద. తెచ్చి మచ్చ పక్కనే పెట్టి చూశాడు. చల్లటి గిన్నెతో లెక్క తేలదట, లోహం వేడికి సాగుతుందట. అందుకని నీళ్ళు మరిగించి మళ్ళీ పెట్టాడు. ఎత్తి చూస్తే రెండో మచ్చ. ఇది పెద్దది కనుక కుక్కర్ నిర్దోషి. తర్వాత పాలగిన్నె, దాని వెనక టీ గిన్నె, పప్పు గిన్నె. ఒక్కొక్కటీ పొగలు కక్కుతూ వచ్చి, తన తప్పేమీ లేదని బల్ల మీద ఒక సున్నా చుట్టి వెళ్ళింది. ఆవిడ మొత్తుకున్నదంతా గోడకి చెప్పుకున్నట్టే అయింది. మధ్యాహ్నం వంట లేదు. గిన్నెలన్నీ విచారణలో ఉన్నాయి.

చివరికి మిగిలింది రోజూ పడుకునే ముందు ఆయన వేడినీళ్ళు తాగే స్టీలు మగ్గు. దాన్ని ఆయన చూడనట్టే తిరిగాడు. ఆవిడే తెచ్చి, చల్లగానే, మొదటి మచ్చ మీద పెట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు గుమ్మంలోకి వచ్చింది. బల్ల వంక చూసి చేతిసంచి కింద పెట్టేసింది.

"ఇదేంట్రా, నాన్న బల్లకి ఆటలమ్మ పోసిందా?" అని తమ్ముణ్ణి అడిగి, మరదలి వైపు తిరిగింది. "నీకప్పజెప్పి వెళ్ళాను కదమ్మా" అంది మెల్లగా. అరిచినా బాగుండేదనిపించింది ఆవిడకి.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "దాన్నేమీ అనకక్కా. తప్పు నాదే. మొదటిదీ నాదే, మిగతావీ నావే."

ఆడపడుచు బల్ల సంగతి మరిచిపోయి కుర్చీలో కూలబడింది. చిన్నప్పట్నుంచీ వీడి నోట ఈ మాట వినలేదంది.

ఆవిడ గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించింది. మొదటి మచ్చ మెల్లగా మాయమవుతుండగా గుర్తొచ్చింది: రాత్రి ఆయన అప్పటికే నిద్రపోయాడని తెలియక, మగ్గు నిండా మరిగిన నీళ్ళు తెచ్చి అక్కడ పెట్టింది తనే. చెబుదామని నోరు తెరిచింది కూడా. కానీ నిందితుడు ఒప్పుకున్న కేసు మళ్ళీ తెరవడమెందుకని, రెండో మచ్చ పని పట్టింది.