మనిషికి రెండు ఎర్ర గుడ్లు

జూలై ఇరవై మూడు. ఆ ఉదయం గంజిలో ఊరేసిన ముల్లంగి నంజుకున్నట్టు షెన్‌కి ఇప్పటికీ గుర్తే. ముందురోజు కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు పంచడానికి కోడిగుడ్లు ఉడకబెట్టి, ఎర్రరంగు వేసి బుట్టకెత్తాడు. మనిషికి రెండు. శుభవార్త జంటగానే ఇవ్వాలన్నది పోయిన భార్య పెట్టిన అలవాటు.

సిచువాన్ కొండల్లోని పాండాల కేంద్రంలో షెన్‌ది ముప్పై ఏళ్ల కొలువు. ఆ వారం అతని ప్రాణమంతా యున్‌జూ అనే ఆడ పాండా మీదే ఉంది. రెండేళ్లు వరుసగా అది కడుపుతో ఉన్నట్టే ఉండి, చివరికి ఉత్తదే అని తేలింది. ఈసారి నిజమేనన్నారు డాక్టర్లు. కాని ఒట్టి బెదురుది. చప్పుడైతే కన్న కూననైనా వదిలేసి మూలకు పోతుంది. అందుకే కాన్పుల రోజుల్లో గేటు దాటాక ఎవరూ నోరు విప్పకూడదు.

కాబట్టి షెన్ కాపలాదారు గౌ చేతిలో రెండు గుడ్లు పెట్టి, పెదాల మీద వేలుంచి, నవ్వి వెళ్లిపోయాడు. వంటశాలలోనూ, ఆఫీసులోనూ అంతే. తరవాత ఫోను బీరువాలో పెట్టి యున్‌జూ గది చేరాడు.

గౌ లెక్కలో ఎర్ర గుడ్లంటే యున్‌జూ కాన్పు. రెండంటే కవలలు. గౌ వంటామె లువోకి చెప్పాడు, లువో ఆఫీసుకి చెప్పింది. పదిన్నరకల్లా డైరెక్టర్ థాన్ "కవలలు, తల్లీపిల్లలు క్షేమం" అని పైకి నివేదిక పంపేశాడు. గేటు దగ్గర బోర్డు మీద ఈ ఏటి కూనల సంఖ్య తొమ్మిది చెరిపి పదకొండు రాశారు. మధ్యాహ్నానికి అధికారులు, విలేకరులు, వెనక డప్పుల మేళం.

థాన్ పూలగుత్తితో మునివేళ్ల మీద వచ్చి గొణిగాడు. "ఏవయ్యా షెన్, కవలలేరీ?"

"ఏ కవలలు సార్?"

"రెండేసి గుడ్లు పంచావు కదయ్యా."

"అవి మా మనవరాలివండీ."

థాన్ వెదురు మోపు మీద కూలబడ్డాడు. "నీ మనవరాలికి నల్ల చెవులున్నాయా, బోర్డెక్కించడానికి?"

"ముందా డప్పులు ఆపించండి సార్. ఒక్క దెబ్బ పడితే ఉన్నదీ దక్కదు."

"ఏమని ఆపను?"

"పురిటి గది అనండి. అబద్ధం కాదుగా."

అందరిచేతా బూట్లు విప్పించి, వెదుళ్ల నీడన కూర్చోబెట్టారు. నోళ్లు మూతపడి ఉండాలని లువో తలో గిన్నె నూడుల్స్ ఇచ్చింది. డప్పులవాళ్లు డప్పులు ఒళ్లో పెట్టుకుని ఎర్ర గుడ్లు ఒలుచుకున్నారు. నాలుగింటికి ఒక అధికారి తుమ్మాడు. యున్‌జూ తల ఎత్తింది. షెన్ ఊపిరి బిగపట్టి తేనెనీళ్ల గిన్నె దాని ముందుకు జరిపాడు. చాలాసేపు అతనికేసి చూసి, చివరికి తాగింది.

అయిదు దాటాక చిట్టెలుకంత గులాబీరంగు కూన నేలమీద పడి, గది అదిరేలా కేకపెట్టింది. యున్‌జూ వెనక్కి జంకింది. షెన్ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కూన తల్లి గుండెల మీద ఉంది.

కిటికీలోంచి థాన్ దీనంగా రెండు వేళ్లు చూపించాడు. షెన్ ఒక వేలు చూపాడు. అయిదున్నరకు ఇంకో వేలూ చూపాడు.

రెండోదాన్ని వెచ్చని పెట్టెలో పడుకోబెట్టాడు. తల్లి పాండా ఒకేసారి ఒక కూననే సాకుతుంది, అందుకే రెంటినీ వంతులవారీగా మార్చి పాలు తాగిస్తారు. చీకటి పడుతుండగా థాన్ అతని చెవిలో, వచ్చే వారం ఇంకో పాండా కాన్పుంది, గుడ్లు మిగిలాయా అని అడిగాడు. షెన్ చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

ఆ రోజు నివేదికలో ఏడు గంటలు తప్ప అంతా నిజమే.