సొరంగానికి ప్రారంభోత్సవం

"ఇవాళ్టి నుంచి మన ఆఫీసు రహస్యాలు పైనున్న దేవుడిక్కూడా తెలియవు!" అని మా ఆఫీసరు మురళీధర్ గారు ప్రకటించారు. మైకులో ప్రకటించారు. మాచర్ల బస్టాండు దాకా వినపడింది!

విషయమేమిటంటే, మా ఆఫీసుకి వీపీఎన్ వచ్చింది. నాకర్థమైనంతలో, మన కాగితాలు ఎవరి కంటా పడకుండా ఇంటర్నెట్‌లో తవ్విన సొరంగం అది. ఇకమీదట కులం, ఆదాయం, మేమిచ్చే ఏ సర్టిఫికెట్టయినా అందులోంచే రావాలి. దాన్ని బిగించాల్సింది మా ఏకైక కంప్యూటరుకి. నేను ఈ సీట్లోకి వచ్చిన ఏడాదే అదీ వచ్చింది. నేనింకా రిటైరవలేదు గనక దాన్నీ అవనివ్వలేదు.

ప్రారంభోత్సవమంటే ఫ్లెక్సీ ఉండాలి కదా! "వివరాలు ఒక్కటి కూడా తగ్గకూడదు నరసయ్యా" అని సారు హుకుం. వీపీఎన్ గురించి పైఆఫీసు పంపిన లెటరు ఫోటో తీసి ఫ్లెక్సీ షాపు ఉస్మాన్‌కి వాట్సాప్ చేశాను. ఉస్మాన్ నిఖార్సయిన మనిషి, మ్యాటరులో అక్షరం వదలడు. పొద్దున్నే ఆఫీసు ముందు పన్నెండడుగుల సారు శాలువాతో, చేతులు జోడించి వెలిశారు. అంత బొమ్మ చూశాక అక్షరాలెవరు చదువుతారు?

కంప్యూటరుకి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. లెటరు చూస్తూ పాస్‌వర్డ్ కొట్టాను. మేం టీ తాగి వచ్చేసరికి కనెక్టయింది! చప్పట్లు! సారు నా ఫోన్లో ఫోటో కూడా తుడిపించి, ఆ లెటరు అందుకుని హారతి పళ్లెంలో కాల్చేశారు.

"రహస్యమంటే ఇదీ!" అన్నారు.

గదికి 'బయటివారు రాకూడదు' అని బోర్డు కట్టించారు. బయటివారంటే ఆ రోజుకి ఇద్దరే. రెంటచింతల నుంచి పేతురు, ఆయన కూతురు సుందరి. పిల్లకి నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. సాయంత్రం ఐదులోగా సర్టిఫికెట్టు పంపకపోతే సీటు పోతుంది. ఇద్దర్నీ ఎండలోకి, ఫ్లెక్సీ నీడకి పంపించేశాం.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ మాకు రిజిస్టరులో మాత్రమే ఉంది. కరెంటొచ్చాక కంప్యూటరు మూలుగుతూ లేచి మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. నేను సారు మొహం చూశాను. సారు హారతి పళ్లెం చూశారు.

పైఆఫీసుకి ఫోన్ చేశాం. "పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పకూడదండీ. దరఖాస్తు పంపండి" అన్నారు.

"ఎట్లా పంపాలండీ?"

"వీపీఎన్‌లోనే!"

నాలుగున్నరయింది. కిటికీ దగ్గర పేతురు మొహం కనిపించింది.

"అయ్యా, టైమవతా ఉంది. ఏందయ్యా ఆలస్యం?"

"పాస్‌వర్డ్ పోయింది పేతురూ" అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది. మా ఇంట్లోనూ ఆడపిల్లలున్నారు.

"ఏ పాస్‌వర్డ్ సార్? ఇక్కడ రాసుందే, అదేనా?" అని సుందరి కేకేసింది. "పెద్ద ఎమ్, చిన్న కె, నాలుగు, ఎట్, ఏడు, ఏడు, చిన్న ఆర్!"

కొట్టాను. కనెక్టయింది! ఐదుకి ఇంకా ఆరు నిమిషాలుండగా సర్టిఫికెట్టు చేతికొచ్చింది. సుందరి అక్కడే నిలబడి ఫోన్లోంచి పంపించేసింది. పేతురు నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

మా సారు మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "ఆఫీసు రహస్యం నీకెట్లా తెలిసిందమ్మాయ్?"

"మీ బొమ్మ మీదే ఉంది సార్, శాలువా పక్కన."

"ఈ పిల్లకేందయ్యా," అన్నాడు పేతురు, "బస్సుల్లో పోయేవాళ్లంతా చానాసేపట్నుంచీ సదువుకుంటా ఉన్నారు."

"ముందా ఫ్లెక్సీ దించు నరసయ్యా!"

నిచ్చెన వేసి సగం ఎక్కాను. సారు వెనక్కి జరిగి తల పైకెత్తారు. పన్నెండడుగుల సారుని తేరిపార చూశారు. శాలువాని చూశారు.

"ఆగవయ్యా."

"పోనీ, ఆ అక్షరాల మీద కాగితం అంటించమంటారా?"

"శాలువా కప్పబడిపోదూ?"

నిచ్చెన దిగాను.

మూడు నెలలైంది. బోర్డు అలాగే ఉంది, బయటివారెవరూ లోపలికి రాకూడదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సారే స్వయంగా కిటికీ తీసి కేకేస్తారు:

"బయటెవరన్నా ఉన్నారా? కాస్త చదివి పెట్టండయ్యా!"