ఈశాన్యంలో సముద్రం

నీరు పల్లమెరుగు అని పెద్దలన్నారు గానీ, నీటికి పల్లం ఒక్కటే తెలిస్తే చాలదు, దిక్కులు కూడా తెలిసి ఉండాలని విజయవాడ పటమటలోని ఒక ఫ్లాటులో ఈ మధ్యనే ఖరారైంది.

ఆ ఫ్లాటు చేనేత చీరల వ్యాపారి అంకమ్మరావు గారిది. భార్య శివపార్వతి ముచ్చటపడిందని ఆయన ఉప్పునీటి అక్వేరియం కొన్నారు. అందులో పగడాలు, వాటి మధ్య నారింజరంగు చేపల జంట. ఆ నీరు ఎప్పుడూ కదులుతుండాలి, ఆగిందంటే వాటికి ఊపిరాడదు. మోటారు తొట్టి కిందే పెట్టుకోండి, జానెడు పైపుతో పోతుందని కంపెనీవారు చెప్పారు. కానీ సిద్ధాంతి గారిని అడక్కుండా అంకమ్మరావు గారు గోడకు మేకు కూడా కొట్టరు (గడియారానికి అనుమతి రాక అది ఏడాదిగా మంచం మీదే నడుస్తోంది).

సిద్ధాంతి గారు విచారించి తీర్పిచ్చారు. తొట్టి అంటే నీరు, ఈశాన్యంలో ఉండాలి. మోటారు కరెంటుది గనక అగ్ని, అది ఆగ్నేయంలో ఉండాలి. రెంటికీ మధ్య తూర్పు గోడకు సింహద్వారం ఉంది, పైపు గడప దాటరాదు. అందువల్ల పైపు ఆగ్నేయంలో బయల్దేరి, హాలు మూడు గోడలూ చుట్టి ఈశాన్యం చేరింది. ప్రదక్షిణం అయిందని ఆయన ఎంతో సంతోషించారు. (నీరు వెనక్కి వచ్చే పైపు అప్రదక్షిణం అవుతుంది కాబట్టి దానికి చిన్న శాంతి చేయించారు.)

కొద్దిరోజులకే నీరు తొట్టిలోకి దారంలా పడసాగింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. శివపార్వతికి అన్నం సయించలేదు.

కంపెనీ యాప్ ఫిర్యాదు తీసుకునే ముందు కొన్ని వివరాలు కోరింది. మోటారు ఆపి మళ్లీ వేశారా? ఉప్పు పెచ్చులు గీకారా? చేప మా సేవలతో సంతృప్తిగా ఉందా? (చేప జవాబివ్వకపోతే ‘అవును’ అని నమోదవుతుంది.)

తర్వాత ప్రవాహ నిర్ధారణాధికారి హోదాలో భానుచందర్ అనే టెక్నీషియన్ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, పైపు వెంట హాలంతా ఓ చుట్టు చుట్టాడు. ఇన్ని మలుపులు తిరిగేసరికి నీటికి ఓపిక పోతోందని అతనికి అర్థమైంది. పైపు ఇలా ఎవరు వేయమన్నారని అడిగి, సిద్ధాంతి గారని తెలియగానే పైపు మీంచి చెయ్యి తీసేశాడు. కస్టమరు నమ్మకాల మీద స్క్రూడ్రైవరు పెట్టరాదని కంపెనీ నిబంధన. మరి నిబంధనలో ఉన్నదేమిటి? పెద్ద మోటారు. అది బిగించి స్విచ్చి వేయగానే నైరుతి మూల మలుపు ఊడి, సముద్రం నేరుగా సోఫా మీదికి వచ్చింది.

శివపార్వతి తుడవడం ఆపి మొగుడి వైపు చూసింది.

“ఏవండీ, ఆ మోటారేదో తెచ్చి తొట్టి కింద పెట్టిస్తే పోద్ది కదా. అవి చచ్చిపోతున్నాయండీ.”

ఆయనకీ ప్రాణం ఉసూరుమంది. రోజూ కొట్టు కట్టేసి వచ్చాక ఆ జంటను చూస్తూనే కాఫీ తాగేవారు. అందుకే ఆలస్యం చేయకుండా సిద్ధాంతి గారికి ఫోన్ చేశారు. దిక్కుల్లో ఏ దోషమూ లేదని, చేపలే ఈ ఇంటికి అచ్చిరాలేదని అటునుంచి తేలింది.

దోషం తేలాక ఇక చేసేదేముంది! శివపార్వతి చేపల్ని మూత బకెట్లో పెట్టుకుని, గన్నవరంలో ఇలాంటి అక్వేరియమే ఉన్న అక్కగారింటికి అద్దె కార్లో బయల్దేరింది. దారి పొడవునా బకెట్ ఒళ్లోనే ఉంది, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పగడాల డబ్బా పట్టుకుని పక్కన కూర్చున్న అంకమ్మరావు గారు కిటికీలోంచి బయటికే చూశారు.

మర్నాడు భానుచందర్ వచ్చి ఊడిన మలుపు అతికించాడు. చేపల వైపు నుంచి ఫిర్యాదులేవీ లేవని రాసుకుని కేసు మూసేశాడు.

ఇప్పుడు ఆ ఇంటికి వచ్చినవాళ్లందరికీ అంకమ్మరావు గారు తొట్టి చూపిస్తారు. వాళ్లు సెల్‌ఫోన్లో దిక్సూచి పెట్టి చూసి, సరిగ్గా ఈశాన్యమేనని మెచ్చుకుంటారు. చేపలేవని ఇంతవరకు ఎవరూ అడగలేదు.