పదిహేడో వాడి లాగు

ఆ రోజుకి కోరీ ట్రెజైస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి లేవాలి, పదింటికి ఈదాలి, పదీ ఒక్క నిమిషానికల్లా పదిహేడో స్థానంలో ఓడిపోవాలి, సోమవారం నుంచి నాన్న రొట్టెల కొట్లో పిండి పిసకాలి. ఓడిపోవాలని అతనికి కోరికేమీ లేదు. అలవాటు, అంతే.

యాభై మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఉదయం ఎందరు ఈదినా సాయంత్రం సెమీఫైనల్స్‌కి మిగిలేది పదహారు మంది. కోరీ పదకొండేళ్ళుగా దేశం తరఫున ఈదుతున్నాడు. ఆరు పెద్ద పోటీలకి వెళ్ళాడు, ఆరింట్లోనూ పదిహేడో వాడిగానే తేలాడు. ఒకసారి పద్దెనిమిదో స్థానం వచ్చిందని తప్పు కబురొస్తే అతని సొంతూరు మూంటాలో ఎవరూ నమ్మలేదు. "మనవాడు అలా మాట తప్పే రకం కాదే!" అన్నారు.

వీటన్నిటికీ తండ్రి లిండ్సే కొట్టు మూసి మరీ వెళ్ళాడు. ఖండాలు దాటి వెళ్ళి, పొద్దున్న ఇరవై రెండు సెకన్లు తన కొడుకుని చూసి, సాయంత్రం దీపాల వెలుగులో పరాయివాళ్ళ కొడుకులందరినీ చూసి తిరిగొచ్చేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క సాయంత్రం, తన కొడుకు పేరు మైకులో వినాలని ఆ పెద్దమనిషి కోరిక. నోరు తెరిచి ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే కోరీకి పెద్ద బరువు.

ఈసారి ప్రపంచ పోటీలు అడిలైడ్‌లోనే వచ్చాయి. మూంటా నుంచి బస్సులో రెండు గంటలు. ఊళ్ళో నలభై మంది బస్సు కట్టించుకుని దిగారు. కోరీకి ముప్ఫై ఒకటి నిండాయి. ఇదే ఆఖరి పోటీ. పదకొండు నెలలు నాన్న కొట్లో కాల్చే మాంసం పాస్టీ ముట్టలేదు, ముందురోజు నీళ్ళు జారిపోవడానికి కాళ్ళూ చేతులూ ఛాతీ నున్నగా గొరిగించుకున్నాడు. ఇంత చేసి దిమ్మ మీంచి దూకి ఈదితే, బోర్డు మీద పదిహేడు అని పడింది. పదహారో వాడు స్ట్యుర్లా అనే ఐస్‌లాండ్ కుర్రాడు. ఇద్దరికీ మధ్య సెకనులో నూరో వంతు తేడా.

"గోళ్ళు పెంచినా సరిపోయేది కదరా!" అంది డాట్ అత్త. లిండ్సే అక్కగారు ఆవిడ. మూంటా ఈత క్లబ్బుకి ముప్ఫై ఏళ్ళుగా కార్యదర్శి, కోశాధికారి, దర్జీ అన్నీ ఆవిడే.

కోచ్ గ్వెండా మాత్రం పద్ధతి తప్పే మనిషి కాదు. "పదిహేడో వాడంటే మొదటి రిజర్వు. ఎవరైనా తప్పుకుంటే నువ్వే దూకాలి. సాయంత్రం దాకా ఏమీ తినకు. లాగు దగ్గరే పెట్టుకో" అంది.

"కోచ్, ఆరుసార్లు పస్తున్నాను. ఆరుసార్లూ లాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పదకొండేళ్ళలో ఆ పదహారు మందిలో ఒక్కడు తుమ్మాడా?"

నిజంగానే ఎవడూ తుమ్మలేదు.

మూంటా క్లబ్బుకి ఒక ఆచారముంది. ఎవరైనా ఈత మానేస్తే వాళ్ళ ఆఖరి పోటీ లాగుని చతురస్రాలుగా కత్తిరించి, క్లబ్బు గోడకి వేలాడే బొంతకి అతుకుతారు. నలభై ఏళ్ళ లాగులున్న బొంత అది. డాట్ అత్త దాన్ని బస్సులో కూడా తెచ్చుకుంది. కోరీ ఆమె అడగకముందే తడి లాగు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టి, తువ్వాలుతో మొహం దాచుకున్నాడు.

"ఏడవకురా. నిన్ను మంచి చోట కుడతాలే, మధ్యలో" అంది అత్త.

ఇక పాస్టీలు. మాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ, టర్నిప్ కూరి కాల్చిన లావుపాటి కజ్జికాయనుకోండి. ఒకటి తింటే మనిషి గనిలో దిగి పొద్దుగూకేదాకా తవ్వగలడు. లిండ్సే అరవై పాస్టీలు కాల్చి తెచ్చాడు. గెలిస్తే పండగకి, ఓడితే ఓదార్పుకి. బుట్టెడు తీసుకెళ్ళి కోరీ ఈతగాళ్ళ గుడారంలో పెట్టాడు. పదకొండేళ్ళు పక్క పక్కన ఈదినవాళ్ళు, పోతూ పోతూ నోరు తీపి చేయకపోతే ఎలా? తీపి కాదు గానీ, మనసు అదే.

తను ఏడు తిన్నాడు. పదకొండు నెలల బాకీ! మూడోదానికి కళ్ళు మూతలు పడ్డాయి, ఐదోదానికి పదిహేడు అనే అంకె మీద కోపం పోయింది. పక్కన స్ట్యుర్లా కూర్చుని ఆరు లాగించాడు. "ఇంత రుచైన పదార్థం మా దేశంలో లేదన్నా" అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. చన్నీళ్ళలో పుట్టిన పిల్లాడు.

ఐదున్నరకి గ్వెండా పరుగెత్తుకొచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి అలా పరుగెత్తడం కోరీ ఎప్పుడూ చూడలేదు.

"లే! స్ట్యుర్లా తప్పుకున్నాడు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడట. ఏం తిన్నాడో ఏమో! రెండో సెమీఫైనల్, ఎనిమిదో లేను నీది."

కోరీ లేవబోయాడు. ఏడు పాస్టీలు వద్దన్నాయి.

పైన గ్యాలరీలో కబురు విన్న లిండ్సే ముందు టోపీ తీశాడు, తర్వాత పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "సాయంత్రమా? మన కోరీయేనా? సాయంత్రమేనా?" అని పక్కవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాడు. ఆ మొహం కింద నుంచి చూశాక కోరీకి కడుపు బరువు గుర్తు రాలేదు. లాగు గుర్తొచ్చింది.

బస్సు దగ్గరికి పరుగు. డాట్ అత్త మెట్టు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"అత్తా, నా లాగు!"

"అయిపోవచ్చిందిరా. ఇరవై నాలుగు ముక్కలు. పద్దెనిమిది అతికేశాను."

"సాయంత్రం ఈదాలత్తా నేను!"

అత్త సూది కింద పెట్టింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "పదకొండేళ్ళు ఆగినవాడివి, ఏడు గంటలు ఆగలేకపోయావట్రా?"

"మళ్ళీ లాగులా కుట్టలేవా?" అంది వెనకాలే వచ్చిన గ్వెండా.

"గోడకి వేసే కుట్టు వేరు, పిర్రకి వేసే కుట్టు వేరు" అంది అత్త, చేతిపని తెలిసిన మనిషి గనక.

మిగిలిన దారి ఒక్కటే. జట్టులో రెండో కుర్రాడు ఫిన్ దగ్గర అదనపు లాగుంది. ఫిన్‌కి పంతొమ్మిదేళ్ళు, నడుము చీపురు కట్ట. కోరీ కన్నా రెండు సైజులు తక్కువ. పోటీ లాగు సరిపోయే సైజైనా ఎక్కించడానికి అరగంట పడుతుంది. కాళ్ళకి ప్లాస్టిక్ సంచులు తొడిగి, దాని మీదుగా జార్చాలి. ఫిన్ ఒక పక్క, గ్వెండా ఒక పక్క పట్టుకుని నలభై నిమిషాలు లాగారు.

"ఊపిరి బిగపట్టు" అంది గ్వెండా.

"ఎంతసేపు కోచ్?"

"పోటీ అయ్యేదాకా."

చివరికి ఎక్కింది. కోరీ రంగు మారింది. మోకాళ్ళు వంచకుండా, గోడ పట్టుకుని, పోటీదారులు కూర్చునే గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. కూర్చోవడం కుదరదు కదా.

అక్కడున్న డాక్టరు ఆ నడక చూశాడు. అప్పుడే ఒకణ్ణి ఆసుపత్రికి పంపి వచ్చిన మనిషి. "నీకూ కడుపులో నొప్పా? ఐస్‌లాండ్ కుర్రాడిదీ ఇదే వరస. ఏం తిన్నావు మధ్యాహ్నం?" అన్నాడు.

నిజం చెబితే ఇద్దరి కడుపుల్లోనూ ఒకటే బుట్ట సరుకని తేలుతుంది. "తేలిగ్గానే తిన్నాను సార్" అన్నాడు కోరీ.

బల్ల మీద ఇంకో మనిషి ఉన్నాడు. పద్దెనిమిదో వాడు, ఫిజీ కుర్రాడు, ఇప్పుడు మొదటి రిజర్వు. టోపీ పెట్టుకుని, కళ్ళద్దాలు నుదుటికెక్కించి, ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. నిమిషానికోసారి, "ఎలా ఉందన్నా ఒంట్లో? మరీ ఇబ్బందిగా ఉంటే చెప్పన్నా, దాచుకోకు" అంటున్నాడు. ఆ గొంతులో ఆప్యాయత కోరీకి బాగా తెలుసు. ఆరుసార్లు తనూ ఆ బల్ల మీద కూర్చుని ఇలాగే మొక్కుకున్నాడు.

"నొప్పి లేదంటే వంగి కాలి వేళ్ళు ముట్టుకో. లేకపోతే ఈ రిజర్వుని దింపుతాను" అన్నాడు డాక్టరు.

ఫిజీ కుర్రాడు కళ్ళద్దాలు కిందకి దించుకున్నాడు.

కోరీ దేవుణ్ణి తలుచుకుని వంగాడు. వేళ్ళు ముట్టుకున్నాడు. వెనకాల ఎక్కడో 'టప్' మంది. ఒక్క కుట్టే. డాక్టరు తల ఊపాడు. కోరీ లేచి, గోడకి వీపు ఆనించి, ఒక చెయ్యి వెనక్కి పోనిచ్చి చూసుకున్నాడు. రెండు వేళ్ళు దూరాయి.

పోటీ మొదలయ్యే ముందు ఈత మందిరంలో చీమ చిటుక్కుమన్నా వినపడాలి, అది పద్ధతి. మైకులో పేర్లు చదివారు. "ఎనిమిదో లేను, ఆస్ట్రేలియా, కోరీ ట్రెజైస్." సాయంత్రం, దీపాల్లో. ఎక్కడో పైన ఒక ముసలి గొంతు "మావాడే!" అని ఒక్క కేక పెట్టింది. నిర్వాహకులు నిశ్శబ్దం అన్నారు. కోరీ దిమ్మ ఎక్కాడు. ఇంకేం కావాలి, ఇక్కడే ప్రాణం పోయినా ఫరవాలేదు అనుకున్నాడు. పరువు పోతుందని మాత్రం అనుకోలేదు.

భోంకారం మోగింది. దూకాడు. నీళ్ళు తగిలిన క్షణంలో లాగు వెనక కుట్టు నడుము నుంచి తొడ దాకా విడిపోయింది.

ఫ్రీస్టైల్‌లో రెండు చేతులూ కావాలి. లాగు పట్టుకుంటే ఈత లేదు, ఈదితే లాగు లేదు. దారి ఒక్కటే, అది జారిపోయేలోపు అవతలి గోడ చేరాలి. ప్రపంచమంతా టీవీలో చూస్తోంది. నలభై మంది మూంటా జనం చూస్తున్నారు. అందులో అతని చిన్నప్పటి లెక్కల టీచరు కూడా ఉంది. కోరీ పతకం కోసం ఎప్పుడూ అలా ఈదలేదు, దేశం కోసం అంతకన్నా ఈదలేదు. ఊపిరి తీసుకోలేదు, పక్కకి చూడలేదు, పాస్టీలు ఎక్కడికి పోయాయో తెలియదు. చెయ్యి గోడకి తగిలింది. ఇరవై ఒకటి పాయింట్ ఏడు తొమ్మిది. పదకొండేళ్ళలో అతను ఎన్నడూ చూడని అంకె.

మిగతా ఏడుగురూ నీళ్ళలోంచి లేచి వెళ్ళిపోయారు. కోరీ గడ్డం దాకా మునిగి, గోడ పట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు. ఈల వేశారు. కదల్లేదు. మళ్ళీ వేశారు. చెయ్యి ఊపాడు. టీవీ అమ్మాయి మైకు పట్టుకుని వంగి, "ఆనందంతో మాటలు రావడం లేదా?" అంది. రావడం లేదన్నాడు. అది చూసి డాక్టరు, "నేను చెప్పానా! పక్షవాతం కావచ్చు, స్ట్రెచర్ తెండి" అని కేకేశాడు. నలుగురు కుర్రాళ్ళు బట్టలతోనే కొలనులోకి దూకబోయారు.

"ఆగండర్రా! వాడికి రోగం లేదు, బట్ట లేదు!" అని గ్యాలరీలోంచి డాట్ అత్త గొంతు. ఆపేవాళ్ళని మోచేత్తో తప్పించుకుని మెట్లు దిగొచ్చింది. చంకలో ఉన్నది విప్పి, గోడ మీంచి నీళ్ళలోకి వేసింది. క్లబ్బు బొంత. నలభై ఏళ్ళ మూంటా ఈతగాళ్ళ లాగులన్నీ చుట్టుకుని కోరీ ట్రెజైస్ పైకొచ్చాడు. నడిమధ్యన అతని సొంత లాగు ముక్కలు పద్దెనిమిది. మందిరమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇది ఆస్ట్రేలియా వాళ్ళ సంప్రదాయ వస్త్రమని టీవీ అమ్మాయి ప్రపంచానికి వివరించింది.

అప్పుడు బోర్డు మీద ఫలితాలు పడ్డాయి. ఫైనల్‌కి ఎనిమిది మంది. కోరీ తొమ్మిది. నూరో వంతు తేడా.

"మొదటి రిజర్వు" అంది గ్వెండా, బోర్డు వైపే చూస్తూ. "రేపు సాయంత్రం ఏడింటికి. ఏమీ తినకు. లాగు ఎవరికీ ఇవ్వకు."

కొడుకుని బొంతతో సహా కావలించుకుని లిండ్సే భోరుమన్నాడు. "చూశానురా. సాయంత్రం చూశాను. దీపాల్లో నీ పేరు చదివారు. నాకింకేమీ అక్కర్లేదు, పద, ఇంటికి పోదాం."

అంతలో బోర్డు మీద ఎనిమిదో పేరు గల బ్రెజిల్ మనిషి అడెమార్, ఆరున్నర అడుగులవాడు, కోరీ చెయ్యి పట్టుకుని ఊపాడు. "అద్భుతంగా ఈదావు. మీ నాన్నగారి చెయ్యి కూడా అద్భుతం. కానీ నాకు ఒక్క పాస్టీయే దొరికింది. మిగతావన్నీ ఆ ఐస్‌లాండ్ వాడే తినేశాడు" అని నిజంగా బాధపడి వెళ్ళిపోయాడు.

కోరీ ఆ వీపు వైపు చాలాసేపు చూశాడు.

"నాన్నా, రేపు పొద్దున్నే పొయ్యి వెలిగిస్తావా?"

"ఓ! ఎన్ని కాల్చమంటావు? ఇంకో అరవయ్యా?"

"అన్నెందుకు, ఆరు చాలు."