ఇరవై నాలుగు మూలలపై చిట్టి దండయాత్ర

ఉదయభానుడు వంటింటి కిటికీ ఊచల సందున కిరణాలను దూర్చి, కాఫీ కప్పు అడుగున ఎండిన మరకను సువర్ణమయం గావించిన ఆ మంగళవారం పూట, భోజనాలబల్ల అనే రణరంగాన, ల్యాప్‌టాప్ రథమెక్కి, జడను నడినెత్తిన కిరీటంలా చుట్టి, ఒక వీరవనిత ఆసీనురాలైంది. కోడు రాసి పుస్తకాల పేజీలు కూర్చడం ఆమె వృత్తి. ఇంట్లో ఆమె పేరు చిట్టి.

అమ్మమ్మ నలభై ఏళ్లు నడిపిన పసిపిల్లల బడి ఆ శనివారం మూతపడుతోంది. ఆనాడు పంచే పుస్తకం మార్జిన్లలో ఆరు ఫోటోలు నిలవాలి. ఇవాళ పన్నెండింటికి ఫైలు ప్రెస్సుకు చేరకుంటే ఫోటోలు లేకుండానే అచ్చవుతుంది. పైగా అమ్మమ్మ ఆజ్ఞ ఒకటి.

"నా బడిలో బల్లలన్నిటికీ మీ తాతయ్య మూలలు గుండ్రంగా తీశాడే. ఒక్క పిల్లకీ నుదురు చిట్లలేదు. పుస్తకంలో మాత్రం మూలలు పొడుచుకొస్తే ఊరుకుంటానా?"

"ఓరీ చతుష్కోణాధమా, నీ నాలుగు కొమ్ములూ విరిచి మార్జిన్ కారాగారాన నిలబెడతాను, కాచుకో" అని గర్జించి చిట్టి మొదటి ఫోటోపై కోడస్త్రం సంధించింది. ఫోటో మార్జిన్‌లోకి నడిచింది. అక్కడ మూలలు తీయమంటే మాత్రం విననట్టు కూర్చుంది. పదకొండైంది. కొమ్ములు అలాగే ఉన్నాయి.

"ఎవరికే ఆ తిట్లు?" అంటూ, చెవిన పెన్సిలు, నడుమున ఖడ్గంలా టేపు ధరించి, వడ్రంగిశిఖామణి తాతయ్య విచ్చేశాడు. సంగతి విని, తాపీగా అడిగాడు. "చెక్క బిగించాక మూల తీస్తారటే? తీసి బిగించాలి. ఇంతకీ మార్జిన్ వెడల్పెంత?"

"అంచనాగా పెట్టా తాతయ్యా."

"అంచనాగానా" అని నిట్టూర్చి, ఆయన తెరమీదే టేపు పరిచాడు. "ఎనిమిది సెంటీమీటర్లు. రాసుకో."

రాసుకుని, ఫోటోను ఆ కొలతకే పెంచింది. అంతట మార్జిన్ కోట బద్దలుకొట్టుకుని, మదపుటేనుగువలె ఘీంకరిస్తూ, మూడు పేరాలను కాలరాచి, అమ్మమ్మ ముందుమాటపై ఆ ఫోటో బోర్లాపడింది. కళ్లకు ఆనాలని తెరమీద పేజీని రెండింతలు చేసుకున్న సంగతి చిట్టికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమైందక్కడ?" వంటింట్లోంచి అమ్మమ్మ.

"ఏం లేదులే. నీ బడి కాస్త పెద్దదైంది" అన్నాడు తాతయ్య.

చిట్టి పేజీని కాగితంమీద అచ్చు తీసింది. టేపు కాగితమెక్కింది. మార్జిన్ నాలుగు, అటూ ఇటూ అర వదిలితే ఫోటో మూడు. మరి మూల ఎంత గుండ్రం? తాతయ్య భోజనాలబల్ల మూలను బొటనవేలితో తడిమాడు. చిట్టి నడక నేర్చిన ఏడాది ఆయనే తీసిన మూల అది. "నాలుగు మిల్లీమీటర్లు చాలు. నీ నుదుటికి సరిపోయింది కదా."

ముందు మూలలు తీసి, తర్వాతే మార్జిన్‌లో బిగించింది. ఒకటి, రెండు, ఆరు. పదకొండూ యాభై ఎనిమిదికి ఫైలు ప్రెస్సుకు ఎగిరింది.

అమ్మమ్మ తడిచేయి కొంగుకు తుడుచుకుని వచ్చి, కొత్తగా అచ్చు తీసిన కాగితాలమీద ప్రతి మూలనూ వేలితో తడిమి చూసింది, వెనకటికి బల్లల్ని చూసినట్టే.

"గుచ్చుకోవట్లేదు" అంది.

అట్లు ఆరు ఫోటోలు, ఇరవై నాలుగు మూలలు, మూలకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున సమూలంగా లొంగిపోయాయి. సకల శిశులోకపు నుదుళ్లు, పుస్తకంలో సైతం, క్షేమం.