ఫైర్‌వాల్‌కు మర్యాద నేర్పిన వైనం

2006 అక్టోబరు నెలలో, నంద్యాల విత్తనాల వ్యాపారి గోపాలకృష్ణ శెట్టిగారి కంపెనీలో ఫైర్‌వాల్ ప్రతిష్ఠ దిగ్విజయంగా జరిగినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది. పురోహితులు ఆ డబ్బాకు గాలి ఆడే సందులన్నిటికీ శ్రద్ధగా పసుపు పట్టించారు. కంప్యూటర్లు చూసుకునే శ్రీకాంత్ మర్నాడంతా అగ్గిపుల్లతో ఆ భక్తిని గీకుతూ కూర్చున్నాడు.

డబ్బా పని చిన్నదే. కంపెనీ కంప్యూటర్లు మూడు గుంపులు: నంద్యాల ఆఫీసువి, నంద్యాల గోడౌనువి, ఆళ్లగడ్డ ల్యాబువి. ఏ గుంపు సమాచారం ఏ గుంపులోకి పోవచ్చో చూసే కాపలాదారు ఇది. దానికి నిబంధనల జాబితా రాసివ్వాలి. పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. వర్తించే నిబంధన దొరికిందా, అది చెప్పినట్టు చేసి అక్కడే ఆగిపోతుంది. కిందవి చదవదు.

శ్రీకాంత్ జాబితాలో మొదటి నిబంధన ఆళ్లగడ్డ ల్యాబు ఫలితాలను గోడౌనుకు పోనిచ్చేది. ఆ ల్యాబులో లూదియా అనే అమ్మాయి ఒకే చోట పండి ఒకేసారి వచ్చిన విత్తనాల బస్తాలన్నీ ఒక లాటు అనుకుంటే, ప్రతి లాటులోంచి వంద గింజలు తీసి తడి ఇసుకలో మొలకెత్తించి, ఏ లాటు రైతుకు పనికొస్తుందో, ఏది రాదో రాసి పంపుతుంది. చిట్టచివరి నిబంధన, "మిగతా ఎవరినీ పోనివ్వకు."

శెట్టిగారు దాన్ని పెళ్లిపత్రిక చూసినట్టు చూశారు.

"ల్యాబు పిల్ల పేరు మొదట రాస్తావా? మా నాయన పేరు యాడప్పా?"

పెద్దశెట్టిగారు కాలం చేసి తొమ్మిదేళ్లయింది. అయినా పెద్దల విషయంలో ఇలాంటి చిన్న సంగతులు పట్టించుకోకూడదు. ఆయన ఎక్కడికైనా పోవచ్చునని మొదటి నిబంధన తయారైంది. అందుకోసం పూజగదిలో ఒక కంప్యూటరు పెట్టి దండ వేశారు. రెండో పేరు శెట్టిగారిది. మూడోది వారి ధర్మపత్ని వాసవాంబగారిది. నాలుగోది బావమరిది మహేశ్వర్‌ది.

మహేశ్వర్ తన పేరు కిందే లూదియా పేరు చూసి, అక్కగారింట్లో రెండు పూటలు అన్నం ముట్టలేదు. "పత్రికలో గూడా ఇంటోళ్ల పేర్లు అయినాక ఒక గీత ఉంటాది గదా బావా" అన్నాడు. సమంజసమైన మాట. కానీ ఆ డబ్బాలో గీత గీసే వసతి లేదు. మేధావి కాబట్టి మహేశ్వరే దారి చూపించాడు. చివర ఊరికే పడి ఉన్న ఆ "మిగతా ఎవరినీ పోనివ్వకు" అన్నదాన్ని పైకి తెచ్చి తన పేరు కింద పెడితే, చూడ్డానికి అచ్చం గీతలాగే ఉంటుంది. స్టాఫంతా దాని కింద.

"అది ఆడ పెడితే కింద పేర్లు చదవదు సార్. ల్యాబు ఫలితాలు ఆగిపోతాయి" అన్నాడు శ్రీకాంత్.

"పేరు తీసెయ్యలే గదప్పా. కింద రాసినాం. అంతే గదా" అన్నారు శెట్టిగారు.

జాబితాను ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఇకపై అందులో ఏది మార్చాలన్నా, గీత పైనున్న వారందరూ వరసగా సంతకాలు చెయ్యాలని ఆదేశం వచ్చింది.

నవంబరులో నలభై ఏడో నంబరు శనగ లాటు పరీక్షకొచ్చింది. వంద గింజల్లో మొలిచినవి ముప్పై ఒకటి. పనికిరాదని లూదియా ఫలితం పంపింది. గోడౌను కంప్యూటరులో ఆ లాటు ఫలితం కనిపించాల్సిన గడి ఖాళీగానే ఉంది. గడి ఖాళీగా ఉంటే అభ్యంతరం లేనట్టని గోడౌను వారి పద్ధతి. లూదియా గోడౌను చూసే దాసరయ్యకు ఫోన్ చేసింది.

"కంప్యూటర్లో ఏం లేదమ్మా. నోటి మాటకు నేను యాడ సంతకం పెట్టేది?" అన్నాడు దాసరయ్య.

అప్పుడు శ్రీకాంత్‌కు చేసింది. "నా పేరొక్కటి గీత పైకి జరుపన్నా. కోయిలకుంట్ల రైతులు ఈ గింజలే ఏస్తారు. ఈ అదును పోతే మళ్లీ రాదు."

పది సెకండ్ల పని. శ్రీకాంత్ వేలు మీట మీద పెట్టి, ఉద్యోగం గుర్తొచ్చి తీసేశాడు. పద్ధతి ప్రకారం మార్పు కాగితం పట్టుకుని పైవారి దగ్గరికి వెళ్లాడు. పెద్దశెట్టిగారి సంతకం పడకుండా తాము చెయ్యడం మర్యాద కాదని ముగ్గురూ చెప్పారు. లారీలు కోయిలకుంట్లకు వెళ్లిపోయాయి. శ్రీకాంత్‌కు సిగ్గేసింది. లూదియా మాత్రం ఆ ఫలితాన్ని పంపుతూనే ఉంది, మొత్తం నలభై ఒక్కసార్లు.

మూడు వారాల తర్వాత రైతులు నల్లమట్టితో సహా మొలవని గింజలు తెచ్చి గేటు ముందు పోశారు. శెట్టిగారు లోపల సిబ్బందిని సమావేశపరిచి గంభీరంగా ప్రసంగించారు.

"మన ఫైర్‌వాలు ఈ ఒక్క నెలలో నలభై ఒక్క దాడులు ఆపింది. అన్నీ ఒక్క ఆళ్లగడ్డ నుంచే. సొంత మనుషులే ఇట్లా మీద పడతాంటే గింజలు యాడ మొలుస్తాయి?"

అందరూ చప్పట్లు కొట్టారు. అక్రమంగా చొరబడజూసిన లూదియాను ఉద్యోగంలోంచి తీసేస్తూ నివేదిక తయారైంది. దాని మీద సాంకేతిక నిపుణుడి సంతకం ఒక్కటే తక్కువ. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని శ్రీకాంత్ మెట్లెక్కుతూ మాటలు కూడా కూర్చుకున్నాడు.

"రాప్పా. నీ పేరు గీత పైన ఏస్తాండాం. మహేశ్వర్ గూడా ఒప్పుకున్యాడు" అన్నారు శెట్టిగారు.

శ్రీకాంత్ సంతకం చేశాడు. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఆ శుభవార్త చెప్పాడు. ఇంట్లో వాళ్లు చాలా సంతోషించారు. ఎంతమంది పైనున్నారని, కొత్త ఫ్రేము ఎప్పుడు కడతారని వివరంగా అడిగారు. ఆ సంవత్సరం కోయిలకుంట్ల రైతులు ఏమయ్యారని అడగలేదు. మీరూ ఇంతవరకు అడగలేదు లెండి.